ఈకల ఉత్తరీయానికి పసుపు

శాలువాలంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఇప్పుడు అమెరికాలో కాపెల్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను కాబట్టి ఏదో ఒక ఫంక్షన్‌కి నన్ను కార్‌లో ఎక్కించుకుపోతూనే ఉంటారు. స్టేజి మీద ఒకాయన ఇంకొకాయనకి శాలువా కప్పుతాడు. కప్పించుకున్నాయన ఫొటో దిగి, మెట్లు దిగీ దిగకముందే దాన్ని మడతపెట్టి భార్య చేతికిస్తాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో కుక్కుతుంది. ఏం చేశాడయ్యా ఈయన అని పక్కన కూర్చున్న కుర్రాణ్ణి అడిగితే "స్పాన్సర్ అంకుల్ అండీ" అంటాడు. అంతే! భుజాన వేసే గుడ్డకి ఇంత విలువ లేకుండా పోయిందేమిట్రా అని నేను గొణుగుతుంటే మా అమ్మాయి మోచేత్తో పొడుస్తుంది. "నాన్నా, మైక్ పక్కనే ఉంది."

ఉంటే ఉండనీ. భుజాన వేసేదానికి ఒక అర్థం ఉంటుందని నాకు నేర్పిన ఊరు వేరే ఉంది. అది హోనలూలూ. నేర్పిన మనిషి మా వెనక వీధిలో ఉండే ఒక హవాయి ముసలావిడ.

నా చదువు ఆరో తరగతి. మిగతాదంతా మొదట పొట్లాలు కట్టిన కాగితాల మీద, తర్వాత ఊరి లైబ్రరీల్లో చదువుకున్నదే. కాకినాడలో టైలర్ని. డెబ్భైల చివర్లో మా బావమరిది పుణ్యమా అని అమెరికా వెళ్లాం. ఆయన అక్కడి యూనివర్సిటీలో మట్టి మీద పరిశోధన చేసేవాడు. అమెరికా అంటే మంచు, మేడలు అనుకుని చంటిపిల్లతో సహా ముగ్గురికీ ఉన్ని కోట్లు కుట్టుకుని మరీ వెళ్లాను. దిగింది కొబ్బరిచెట్ల మధ్య. ఉక్కపోత, బొప్పాయిలు, మామిడిపళ్లు. మా ఆవిడ విమానాశ్రయం బయట నిలబడి చుట్టూ చూసి "ఏమండీ, ఇంతోటి దానికి ఇంత దూరం రావాలా? కోనసీమ వెళ్తే సరిపోయేది కదా!" అంది. ఆ కోట్లు ఎప్పటికీ వేసుకోలేదు.

ఒక జపాను ఆవిడ నడిపే లాండ్రీలో నాకు ఆల్టరేషన్ల పని దొరికింది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, హోటల్ యూనిఫారాలకి బొత్తాలు కుట్టడం. ఆ హోటళ్లలో ఒకదాని నుంచి వారం వారం ఒక రాజు వచ్చేవాడు. పగలు బార్‌లో గ్లాసులు తుడిచేవాడు, సాయంత్రం టూరిస్టుల షోలో రాజు వేషం. భుజాల మీద ఎర్రటి పసుపుపచ్చటి కేప్ ఒకటి. దాన్ని ఇంగ్లీషులో కేప్ అన్నారు గానీ నేను నా మనసులో ఉత్తరీయం అనే అనుకునేవాణ్ణి. అయితే అది ఈకలది కాదు, దళసరి గుడ్డకి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కుచ్చులు. షో అయ్యాక టూరిస్టులు వంతులవారీగా దాన్ని తగిలించుకుని, బీరు గ్లాసులు పట్టుకుని ఫొటోలు దిగేవాళ్లు. బీరు ఒలికేది, కుచ్చులు ఊడేవి. మళ్లీ నా దగ్గరికి వచ్చేది. పీచుమిఠాయికి కుట్టు వేసినట్టు ఉండేది ఆ పని. వెధవ పని అని తిట్టుకుంటూనే చేసేవాణ్ణి.

ఒకరోజు అది కొక్కేనికి వేలాడుతుండగా ఆ హవాయి ఆవిడ గౌను కింద అంచు ఊడిందని కుట్టించుకోడానికి వచ్చింది. భారీ మనిషి. నెరిసిన జుట్టు నడినెత్తిన ముడి, చెవి పక్కన పువ్వు. కొక్కెం వైపు చూసి కనుబొమలు పైకెత్తింది.

"ఈ కోడికి ఏమైంది పాపం?"

"కోడి కాదండీ. రాజుగారిది" అన్నాను.

"ఏ దేశం రాజు?"

"సాయంత్రం ఏడింటి షో రాజు."

ఆవిడ నవ్వితే కౌంటర్ మీది కత్తెర కదిలింది. ప్లాస్టిక్ అండీ, కావాలంటే పట్టుకు చూడండి అని అందివ్వబోయాను. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. "ప్లాస్టిక్ అయినా సరే. ఇంకొకరి భుజం మీదకి వెళ్లేదాన్ని అడక్కుండా ముట్టుకోను" అంది. ప్లాస్టిక్‌కి కూడా మర్యాదేమిటి అని నాకు నవ్వొచ్చింది. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది.

ఆవిడ ఇల్లు సరిగ్గా మా వెనకే. మా పెరటి కంచెకి అవతల వాళ్ల వరండా. ఊళ్లో చిన్నాపెద్దా అందరూ ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్లు. అక్కడ పెద్దవాళ్లంతా ఆంటీలు, అంకుల్సే. అచ్చం మన పిల్లలు ఇక్కడ పిలిచినట్టే. వేలు విడిచిన చుట్టరికం కూడా అక్కర్లేదు. మేమూ ఆంటీ అనే అన్నాం. ఆవిడ నన్ను టైలర్ అనేది. మా ఆవిణ్ణి బేబీ అనేది. నలభై దగ్గరపడుతున్న ఆడమనిషి బేబీ ఏమిటని నేను ఎగతాళి చేస్తే మా ఆవిడ "మీకెందుకండీ? మా అమ్మ పోయాక నన్నలా ముద్దుగా పిలిచిందెవరు?" అని నా నోరు మూయించింది.

ఆంటీ ఈకల పని చేసేది. టోపీల చుట్టూ కట్టుకునే పట్టీలు, మెడలో వేసుకునే దండలు. ఆ రోజుల్లో వాళ్ల జనంలో కదలిక వచ్చింది. మరుగున పడిన వాళ్ల భాషని, పాటల్ని, పడవల్ని, ఈకల పనిని మళ్లీ చేతుల్లోకి తీసుకుంటున్నారు. ఆంటీ వరండాలో శనివారం మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని నేర్చుకునేవాళ్లు. ఒక శనివారం కంచె మీదుగా "బేబీ, రా!" అని కేక వేసింది. మా ఆవిడకి అప్పటికి వచ్చిన ఇంగ్లీషు యెస్, నో, టూ మచ్. అయినా వెళ్లింది.

వెళ్లింది వెళ్లినట్టు కుదురుకుపోయింది. ఎందుకంటే చిన్న చిన్న ఈకల్ని పరిమాణం ప్రకారం ఏరి, నాలుగైదు కలిపి, దారం చుట్టి ముడి బిగించాలి. మల్లెలూ కదంబాలూ కట్టే చేతికి అదేం కొత్త? అదే బొటనవేలు, అదే దారం చుట్టు, అదే లాగుడు. ఆంటీ ఆ చేతి వేగం చూసి "నీకు ఇదివరకే ఎవరు నేర్పారు?" అని అడిగిందట. మా ఆవిడ జవాబు చెప్పడానికి ఇంగ్లీషు లేక, లేచెళ్లి పెరట్లో పూలు కోసుకొచ్చి కట్టి చూపించి ఆ మాల ఆంటీ ముడిలో తురిమింది. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటలతో పని లేకపోయింది.

నేనూ వెళ్లి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, నాకు తుమ్ములెక్కువ. ఈకల దగ్గర ఫ్యాన్ వెయ్యకూడదు, గట్టిగా ఊపిరి వదలకూడదు, తుమ్మితే మధ్యాహ్నమంతా ఏరిన ఈకలు గాలిలో కలుస్తాయి. ఆ ఉక్కలో ఆడవాళ్లు చెమటలు కక్కుతూ, మెల్లగా మాట్లాడుకుంటూ కట్టుకునేవాళ్లు. నేను బయటినుంచి ప్రశ్నలు వేసేవాణ్ణి. నేను అడిగినవీ ఆంటీ చెప్పినవీ మా ఆవిడకి తెలుగులో మళ్లీ చెప్పడం కూడా నా డ్యూటీయే.

ఆంటీ చెప్పింది నాకు తోచినట్టు రాస్తాను. పూర్వం వాళ్ల దొరలు భుజాలమీద వేసుకునేవాటిని అహు ఉలా అనేవాళ్లు. కొన్ని భుజాల వరకు, కొన్ని మడమల దాకా. గట్టి నారతో సన్నటి వల అల్లి, ఆ వల కన్నుల్లో ఈకల కుచ్చులు కట్టుకుంటూ పోయేవాళ్లు. పెంకుటింటి పైకప్పు లాగా కింది వరస మీదికి పై వరస వచ్చేది. ఎర్ర ఈకలు దొరికేవే. పసుపువి మాత్రం బంగారంతో సమానం. నల్లటి పిట్ట, దాని ఒంటి మీద ఎక్కడో ఒక మూల పసుపు ఈకలు కొన్ని, అంతే. పిట్టలు పట్టేవాళ్లు కొండల్లోకి వెళ్లి, పువ్వులున్న కొమ్మకి చెట్టు బంక పూసి, గంటలకొద్దీ కాచుకుని, అంటుకున్న పిట్టని పట్టి, ఆ పసుపు ఈకలు నాలుగూ తీసుకుని వదిలేసేవాళ్లట. వచ్చే ఏడు మళ్లీ మొలుస్తాయి కదా అని. ఆ పిట్టల్లో చాలావరకు తర్వాత రోజుల్లో అడవులు పోయి, కొత్త రోగాలొచ్చి అంతరించాయని ఆంటీ అనేది. ఏదో ఒక దీవి అడవిలో ఒక్క పిట్ట మిగిలిందట, జత కోసం కూస్తోందట అని అప్పట్లో చెప్పుకునేవాళ్లు. అందుకే ఆంటీ వాళ్లు బాతు ఈకలకి రంగు వేసి వాడేవాళ్లు.

ఈకలే ఎందుకు అని అడిగాను. "పైకి వెళ్లేది ఏది? పిట్టే కదా. దేవుళ్లుండే చోటికి మనకంటే దగ్గర" అంది. మామూలు మనిషి వేసుకోవచ్చా అన్నాను. కుదరదంది. వంశం ఉండాలి, ఆ వంశాన్ని తడుముకోకుండా పాడి వినిపించేవాళ్లుండాలి. ఒకరి వస్త్రం ఇంకొకరు తగిలించుకోవడం మహాపరాధమట.

అక్కడ నాకు మండింది. నేను జమీందారీ ఊళ్లో పుట్టినవాణ్ణి. "అంటే చెట్లెక్కేది పేదవాడు, బంక పూసేది పేదవాడు, కట్టేది ఇంకొకడు, వేసుకుని ఊరేగేది మాత్రం దొర! శిస్తు కింద ఈకలు కూడా వసూలు చేశారా మీవాళ్లు? మా ఊళ్లో నయం, ధాన్యంతో సరిపెట్టారు" అన్నాను. మెట్ల మీద కూర్చున్నా నా గొంతు పెద్దది. వరండాలో ఆడవాళ్లంతా చేతులాపి చూశారు.

ఆంటీకి కోపం రాలేదు. నోట్లో పట్టుకున్న దారం తీసి చెప్పింది. "నిజమే టైలర్. వసూలు చేశారు. కానీ ఒకటి చెప్పు. యుద్ధం వచ్చింది. నువ్వు అటువైపు ఈటె పట్టుకున్నావు. ఇటు గుంపులో అందరూ మట్టి రంగులో ఉన్నారు. ఒక్కడు మాత్రం ఎర్రగా, పసుపుగా మండుతున్నాడు. నీ ఈటె ఎవరి మీదికి వేస్తావు?"

"కనపడేవాడి మీదికే" అన్నాను.

"అందుకే. అది వేసుకున్నవాడు దాక్కోడానికి లేదు. ఓడిపోతే మొదట లాక్కునేది కూడా దాన్నే. ఊరంతా కట్టిన ఈకలు భుజాన వేసుకుని వెనక వరసలో నిలబడటం కుదరదు."

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, అంతసేపు ఏం వాదించుకున్నారని. చెప్పాను. బియ్యం ఏరుతూ వింది. "బాగుందండీ" అని మాత్రం అంది.

ఆంటీ ఒకసారి మమ్మల్ని మ్యూజియంకి తీసుకెళ్లింది. అసలైనవి అద్దాల వెనక ఉన్నాయి. దీపాల వెలుతురు తక్కువ, రంగు వెలిసిపోకుండా. ఏ కాలంనాటివో, ఇంకా నిప్పుకణికల్లాగే ఉన్నాయి. కింద చీటీలో ఏ రాజుది, ఎవరి నుంచి మ్యూజియంకి వచ్చింది అని ఉంది. చెట్టెక్కినవాడి పేరు ఏది అని అడిగాను, అక్కడి గార్డుకి వినపడేలా. ఆంటీ నా చెయ్యి పట్టి పక్కకి లాగి "నువ్వు చెట్టెక్కి ఉంటే కిందికి దిగేదాకా తిడుతూనే ఉండేవాడివి. పిట్టలన్నీ ఎగిరిపోయేవి" అంది. మా ఆవిడకి తర్జుమా చెయ్యకుండానే ఎలా అర్థమైందో, నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంతకీ నేను చెప్పదలచుకుంది ఇది కాదు. ఆంటీ ఒక ఉత్తరీయం చేస్తోంది. వాళ్ల అన్నయ్య కోసం. మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన ఏడు మొదలుపెట్టింది. ఆ పిల్ల మాకు అర్థం కాని యాసలో ఫోన్‌లో ఫ్రెండ్స్‌తో గంటలు గంటలు మాట్లాడే వయసుకి వచ్చాక పూర్తయింది. ఆ అన్నయ్య రేవులో అనాసపళ్ల లారీ తోలి రిటైరైన మనిషి. మాట తక్కువ. వాళ్ల వంశంలో ఒక దొర ఉన్నాడు. కుట్టేటప్పుడు ఆంటీ ఆ పేర్లన్నీ వరసగా సన్నగా పాడుకునేది. అన్నయ్యకి అదంతా ఇబ్బంది. "లారీ తోలినవాడికి ఈకలేమిటే? జనం నవ్వుతారు" అనేవాడు. ఆంటీ ఒప్పుకునేది కాదు. "పడవ తలపెట్టిందెవరు? నువ్వు. చెట్టు కోసం కొండకి వెళ్లిందెవరు? నువ్వు. అది మునిగితే తిట్లు తినేదెవరు? నువ్వు. మరి భుజాన ఎవరు వేసుకోవాలి? వెనకింటి టైలరా?"

పడవ నిజం. వాళ్ల పేటవాళ్లంతా కలిసి పూర్వపు పద్ధతిలో ఒక పొడుగాటి పడవ చెక్కుతున్నారు. ఆ పనికి పెద్ద ఆంటీ వాళ్ల అన్నయ్యే. అది పూర్తయి, సూర్యుడు పొడిచే వేళకి నీళ్లలో దింపాలని నిర్ణయమైంది. ఆ వేళకి అన్నయ్య భుజాన ఆ ఉత్తరీయం ఉండాలి. ఆంటీ కోరిక అదొక్కటే. అది నెరవేరితే చాలు, ఇక సూది పట్టనని కూడా అనేది.

ముందురోజు పొద్దున్నే దాన్ని మా ఇంటికి తెచ్చింది. మడత పెట్టకుండా, రెండు చేతుల మీద పసిపిల్లని తెచ్చినట్టు. ఈ కాలంలో వల బదులు గట్టి గుడ్డ మీద ఈకలు వరసలుగా కుడతారు కదా, లోపలి వైపు కుట్లన్నీ కనిపిస్తాయి. దానికి లైనింగ్ వెయ్యాలి. లైనింగ్ గుడ్డ కూడా తనే తెచ్చింది. వాళ్లమ్మ బొంతకి అడుగున ఉన్న తెల్ల నూలుగుడ్డ, ఉతికి ఉతికి వెన్నలాగా అయింది. "మిషన్ వద్దు. చేత్తో వెయ్యి. ఈకకి సూది తగలకూడదు" అంది. నాతో అంత మాట ఎవరన్నా అంటే ఇంకోరోజైతే ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఊరుకున్నాను. ఎందుకంటే ఆ గుడ్డ నాకిచ్చేముందు దాన్ని ఒకసారి చెంపకి ఆనించుకుంది.

ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత చక్కగా వేసిన కుట్టు ఇంకోటి లేదు, నా నోటితో నేనే చెప్పుకుంటున్నా. మధ్యాహ్నం దాటాక అయింది. బల్ల మీద పరిచి, స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి మా ఆవిడ ఉత్తరీయం ముందు నిలబడి ఉంది. కుడిచేతి వేలు గాలిలో ఆగిపోయి ఉంది. వేలి నిండా పసుపు.

"ఏం చేశావే?"

"తుమ్మొచ్చిందండీ."

లైనింగ్ మీద, మెడ దగ్గర, ఒక పసుపు మరక. చుక్క కాదు. బిళ్లంత.

"పసుపెందుకు తెచ్చావే ఇక్కడికి?"

"కొత్తబట్ట కదండీ! పసుపు పెట్టకుండా ఎలా ఇస్తాం? మూల చిన్న చుక్క పెడదామనుకున్నా. ఈక ముక్కులోకి వెళ్లింది."

"అది బట్ట కాదే, ఈకలు!"

"లైనింగ్ బట్టే కదా!"

నేను దేవుణ్ణి నమ్మను, పసుపుని నమ్మను. నా చొక్కాల అంచులకి పసుపు మరకలెందుకని కాపురానికి వచ్చిన నాటినుంచీ అరుస్తూనే ఉన్నాను. ఆ రోజు అరిచిన అరుపుకి ఎదురింటి కుక్క మొరిగింది. ఆవిడ ఏడవలేదు. మొహం మాత్రం పాలిపోయింది. ఆ ఊళ్లో ఆవిడకున్న ఒకే ఒక్క తోడు ఆ వరండా. ఇన్నేళ్ల పని, వాళ్లమ్మ గుడ్డ, రేపు తెల్లవారితే పండగ. ఇది చూస్తే ఆంటీ మళ్లీ బేబీ అని పిలుస్తుందా?

ఏం చెయ్యాలి? సబ్బు పెడితే పసుపు ఎర్రబడి కుంకం అవుతుంది. నిమ్మకాయ రుద్దితే తడి అవతలికి దిగి ఈకల రంగు కారుతుంది. ఎండలో పెడితే పసుపు మాయమవుతుంది. దానితోపాటే ఈకల రంగూ వెలుస్తుంది. అదీగాక బయట వాన. విప్పి వేరే లైనింగ్ వేద్దామంటే అంత గుడ్డ లేదు.

ఒక్క దారి ఉంది. కత్తిరింపుల్లో చిన్న ముక్క మిగిలింది. మెడ దగ్గర బలానికి వేసినట్టు మరక మీద అతుకు వేస్తే సరి. అదే గుడ్డ, అదే కుట్టు. సూదిలో దారం ఎక్కించాను. టైలర్‌గా చెప్తున్నాను, ఆంటీ కాదు కదా, ఆవిడ తాతముత్తాతలొచ్చినా కనిపెట్టలేరు.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వద్దండీ."

"మరి చూపిస్తావా?"

"దాచుకునేదైతే అసలు పెట్టేదాన్నే కాదు. నేను శుభమనే పెట్టాను. అయినా ఆంటీ ఏమందో మీరే కదా చెప్పారు? ఇది వేసుకున్నవాడు దాక్కోకూడదని. ఆయన మెడ మీద మన అతుకు దాచిపెట్టి పంపిస్తామా?"

బియ్యం ఏరుకుంటూ విని, బాగుందండీ అని ఊరుకున్న మనిషి! ఎప్పుడో చెప్పినది ఇప్పుడు నాకే అప్పజెప్తోంది. సూదిని సూదుల దిండుకి గుచ్చేశాను.

సాయంత్రం వాన వెలిశాక ఆంటీ, వాళ్ల అన్నయ్యా వచ్చారు. మా ఆవిడ నాకు మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు. ఉత్తరీయాన్ని లోపలి వైపు పైకి పెట్టి, మరకని వేలితో చూపించి "ఆంటీ, ఐ డిడ్" అంది. ఆ తర్వాత ఇంగ్లీషు అయిపోయింది.

ఆంటీ చూసింది. వాళ్ల అన్నయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎవరో పోయిన ఇంట్లో నిలబడ్డట్టు. ఇది మా ఆచారమని, కొత్తబట్టకి మంచి జరగాలని పెడతారని, నేను మాత్రం నమ్మనని, ఏదేదో చెప్తున్నాను. ఆంటీ నా మాట వినడం లేదు. వంగి మరకని వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఏం పెట్టావు బేబీ? చూపించు."

మా ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి పసుపు డబ్బా, దానితోపాటు పెరట్లో తను పెంచుకుంటున్న పచ్చి పసుపు కొమ్ము కూడా పట్టుకొచ్చింది. ఆంటీ ఆ కొమ్ము విరిచి లోపలి రంగు చూసింది. వాళ్ల అన్నయ్యకి చూపించింది. వాళ్ల భాషలో "ఓలెనా" అంది. ఆయన మొహం విప్పారింది. అంతవరకు ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు.

"రండి" అని ఆంటీ మమ్మల్ని కంచె దాటించి తన వంటింట్లోకి తీసుకెళ్లింది. బల్ల మీద ఒక చెక్క గిన్నె, మీద ఆకు మూత. మూత తీసింది. సముద్రపు నీళ్లు. ఆ నీళ్లలో తురిమిన పసుపు.

పొద్దున్నే దీన్ని ఆకుతో ముంచి పడవ మీద, మనుషుల మీద, ఆ ఉత్తరీయం మీద చల్లాలట. చెడు ఏదైనా ఉంటే పోవాలని. వాళ్ల పెద్దలు ఎప్పటినుంచో చేస్తున్నదేనట. కొత్తదేదైనా మొదటిసారి వాడే ముందు ఓలెనా నీళ్లు తగలాలట.

మా ఆవిడ ఆ గిన్నె వైపు, ఆంటీ వైపు చూసి, తెలుగులో "అయితే మనమంతా ఒకటేనన్నమాట" అంది. తర్జుమా చెయ్యమని ఎవరూ నన్ను అడగలేదు.

వాళ్ల అన్నయ్య "నీ పని తగ్గిపోయిందే. వెనకింటివాళ్లు ముందే కానిచ్చారు" అని చెల్లెల్ని ఏడిపించాడు. ఆంటీ నవ్వింది. నవ్వుతూనే మా ఆవిడ గడ్డం పట్టుకుంది. "కానీ బేబీ, అది ఆయనది. ఇంకోసారి అడిగి పెట్టు. సరేనా?"

మా ఆవిడ తల ఊపింది. నేను ఊరుకుంటానా? "నేనూ పెళ్లయిన నాటినుంచీ అదే మొత్తుకుంటున్నా, నా చొక్కాల సంగతి!" అన్నాను.

"మీరు అడిగితే వద్దంటారు కదండీ" అంది మా ఆవిడ. అది తర్జుమా చేస్తే వాళ్లిద్దరూ ఆవిడ పక్షమే చేరారు.

మర్నాడు పొద్దున్న ఇంకా చీకటి విచ్చుకుంటుండగా సముద్రం ఒడ్డున నిలబడ్డాం. గాలి చల్లగా ఉంది. ఉన్ని కోటు పట్టుకొస్తే బాగుండేదని మొదటిసారి అనిపించింది. పేట పేటంతా వచ్చింది. పాటలు పాడారు. ఆంటీ గిన్నె పట్టుకుని పడవ ఈ కొసనుంచి ఆ కొస వరకు నీళ్లు చల్లింది. మా వైపు కూడా చల్లింది. నా చొక్కా మీద పడింది. తుడుచుకోకుండా అలాగే ఉంచుకున్నాను.

తర్వాత ఆయన ముందుకి వచ్చాడు. ఆంటీ వెనకనుంచి ఆ ఉత్తరీయం భుజాల మీద వేసి, పేర్లు అందుకుంది. ఇన్నాళ్లూ వరండాలో సన్నగా విన్న పేర్లు అక్కడ గొంతెత్తి వినిపించింది. ఒక్కొక్క పేరుకీ ఆయన నడుము కాస్త నిటారవుతోంది. అందరూ మామూలు బట్టల్లో ఉన్నారు, ఆయనొక్కడే మండుతున్నాడు. పడవ ఒరిగినా, పగిలినా అందరి కళ్లూ పడేది ఆయన మీదే. లారీ తోలిన చేతులు పడవ అంచు మీద పెట్టి, అందరికంటే ముందు నీళ్లలోకి దిగాడు. నాకు మా ఊరి జమీందారు గుర్తొచ్చాడు. ఆయన ఎప్పుడైనా మోకాళ్ల లోతు దిగాడా దేంట్లోనైనా? సరే, పొద్దున్నే ఆ కోపం ఎందుకు?

పడవ తేలింది. తిన్నగా, ఒక వైపుకి ఒరగకుండా తేలింది. జనం కేకలు పెట్టారు. అప్పుడే గాలి విసురుగా వచ్చి ఆయన మెడ దగ్గర ఉత్తరీయం అంచుని పైకి తిప్పేసింది. తెల్లటి లైనింగ్ మీద, నా కుట్టు పక్కనే, మా ఆవిడ పసుపు. ఆయన చూసుకున్నాడు. సర్దుకోలేదు.

మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. "ఏమండీ, కనపడుతోంది."

"కనపడనీ" అన్నాను.